మొహమాటం లేని మామ

పరుపుల అంగడి హిదాయతుల్లాకు ఒక్కటే పిచ్చి. తెలిసినవాళ్లు ఎవరు పాత ఫోను కొన్నా, అమ్మినా పిలవని పేరంటానికి వెళ్లి మధ్యలో నిలబడతాడు. నిలబడి ఊరుకోడు. "ముందు ఈ ఫోనుతో మీ ఇంటికి మాట్లాడు" అంటాడు అమ్మేవాళ్లతో. సొంత ఫోనైతే ఇంట్లోవాళ్లు పేరు పెట్టి పలుకుతారని, కొట్టేసిందైతే దాని లాక్ కూడా తెరుచుకోదని ఆయన సిద్ధాంతం.

కన్నకొడుకు ఇలియాస్ తన ఫోను అమ్ముకుంటుంటే వాడినీ వదల్లేదు. అవతల ఎత్తింది ఆయన భార్య వహీదున్నీసా. "ఈడ కూర మాడిపోతాండాది, మీకేం పనిల్యా?" అని తండ్రీకొడుకులను కలిపి కడిగేసింది. "గొంతు మనదే. ఫోను మంచిదే" అని హిదాయతుల్లా తీర్పు చెప్పాడు.

పక్కింటి పవిత్ర అలా కాదు. తన కాలు తొక్కినవాళ్లకు తానే సారీ చెప్పే పిల్ల. సోమవారం ఏర్పేడులో ఉద్యోగంలో చేరాలి, ఉన్న ఫోను కాస్తా ఇవాళో రేపో ఆగిపోయేట్టుంది. కూడబెట్టుకున్నది పోతే మళ్లీ కొనే దారి లేదు. నెట్‌లో ఒక పాత ఫోను చూసి మాట్లాడుకుంటే, అమ్మే నవీన్ అనేవాడు అలిపిరి అవతల చెట్లలోకి ఒంటరిగా రమ్మన్నాడు. గుబులు పుట్టినా సరేనంది.

"ఆడికెందుకు?" అన్నాడు హిదాయతుల్లా గోడ మీదుగా. "బస్టాండులో పోలీసోళ్ల ఎదురుగా టీ అంగడి ఉండాది. పట్టపగలు ఆడికే రమ్మను."

"ఏమనుకుంటాడో మామా."

"నా పేరు చెప్పు. మా మామ మొండోడు, నా మాట వినడు అని చెప్పు."

నవీన్ ముఖం మాడ్చుకుని వచ్చాడు. మామ ఫోనును తిప్పి తిప్పి చూస్తుంటే పవిత్ర సిగ్గుతో చచ్చిపోయింది. "నాకు టైం లేదు. అక్కా, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు నవీన్. ఆ ఒక్కమాటకే ఆమె చెయ్యి సంచిలోకి వెళ్లింది.

మామ అడ్డం జరిగాడు. "ఆ పాపకు నమ్మకమే అబ్బా. నాకే ల్యా. నేను అనుమానం మనిషిని. లాక్ తీసి మీ ఇంటికి ఒకతూరి మాట్లాడు, పోతాం."

నవీన్ లాక్ తీయలేదు. ఫోను లాక్కుని, మర్యాద తెలియని ముసలోడని నలుగురూ వినేట్టు తిట్టి జనంలో కలిసిపోయాడు.

"అందరి ముందర తిట్టినాడే మామా" అంది పవిత్ర.

"నన్నే కదా తిట్టింది. నీకు వద్దని చెప్పేదానికి నోరు రాదు పాపా. ఆ మాటేదో నేనే అంటే ఎవురికీ నీతో కొట్లాట ఉండదు. మనం పిలిస్తే వచ్చేంత దూరంలో పోలీసోళ్లు ఉండారు, నాకేం భయం?"

వీధి వీధంతా విసుక్కునే ఈ మనిషి, నోరు రానివాళ్లు పడాల్సిన తిట్లన్నీ ఇన్నాళ్లూ తన ఖాతాలో వేసుకుంటున్నాడని పవిత్రకు అప్పుడు తెలిసింది. ఆయన మీద కొండంత ప్రేమ పుట్టింది. తన మీద తనకు కోపమూ వచ్చింది.

మర్నాడు పవిత్ర రమ్మంటే అదే టీ అంగడికి కృపామణి అనే టీచరమ్మ ఫోను అమ్మడానికి వచ్చింది. మామ నోరు తెరవబోయాడు.

"నేనడుగుతా ఉండు మామా" అంది పవిత్ర. గొంతు సవరించుకుంది. "మేడమ్, ఏమీ అనుకోవద్దండి. అనుకున్నా సరే. ముందు ఈ ఫోనుతో మీ ఇంటికి మాట్లాడండి."

కృపామణి నవ్వి భర్తకు ఫోను కలిపింది. "కృపా, ఆ డబ్బా ఇంకా అమ్మల్యా?" అన్నాడు ఆయన, అందరికీ వినబడేట్టు. పవిత్ర అంతటితో వదల్లేదు. తన సిమ్ వేసి చూసింది, బిల్లు అడిగింది, పాత ఖాతా తీయించి ఫోనంతా తుడిపించింది. అప్పుడు గానీ సంచి తెరవలేదు.

హిదాయతుల్లా బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఈపొద్దు నాకు పనే ల్యాకుండా చేసినావు కదా పాపా" అని, సంబరంగా ఇంకో టీ చెప్పాడు.