తప్పు మన సర్వర్‌దే

మొన్న ఏదో పని మీద అశోక్‌నగర్ సందులో నడుస్తుంటే, జిరాక్స్ మిషన్ల వేడి కాగితం వాసన ముక్కుకు తగిలింది. అంతే, పాత కోపం మళ్లీ ఒళ్లంతా పాకింది. అక్కడి హాస్టళ్లలో ఉండి సర్కారు కొలువులకు చదివే పిల్లల మీద బతికిన ఒక చిన్న కంపెనీలో నా మొదటి ఉద్యోగం. చిక్కడపల్లిలో ఒక మిఠాయి దుకాణం పైన మా ఆఫీసు. ఆన్‌లైన్‌లో నమూనా పరీక్షలు పెట్టేవాళ్లం. అక్కడ నాకు పని నేర్పింది సుజాతక్క.

నేర్పిందంటే ఓపికగా నేర్పిందని కాదు. మా సర్వర్ ఉన్నట్టుండి కొత్తవాళ్లను లోపలికి రానిచ్చేది కాదు. ఒకసారి నేను రీస్టార్ట్ చేసి, "అయిపోయిందక్కా" అన్నాను. ఆమె కుర్చీ గిర్రున తిప్పి, "ఏమయిపోయింది? ఎందుకు ఆగిందో తెలుసా నీకు? రోగం పోలే, దాని ఆనవాలు పోయింది. ఇగ ఏం చూసి పట్టుకుంటవ్?" అని అందరి ముందూ అరిచింది. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం నారాయణగూడ దాకా కలిసి నడిచినా ఒక్క మెత్తని మాట అనలేదు. "మళ్లా ఆగితే ముట్టుకోకు. నన్ను పిలువు" అంది.

మళ్లీ ఆగింది, పెద్ద పరీక్ష పెట్టిన ఆదివారం పొద్దున. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మా యజమాని అందరికీ ఒకటే జవాబు చెప్పాడు: "మా దగ్గర అంతా మంచిగనే ఉంది. మీ నెట్ చూసుకోండి." ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని నేరుగా మెట్లెక్కి వచ్చేసింది. "సార్, నా రూమ్మేట్ నాకంటే ముందు లాగిన్ అయి, అదే వైఫై మీద రాస్తున్నది. నాకే వస్తలేదు."

"అయితే నీ ఫోన్ ఖరాబైంది" అన్నాడాయన.

సుజాతక్క అప్పటికే కారణం పట్టుకుంది. పరీక్ష రాసే ప్రతి ఒక్కరికీ మా ప్రోగ్రాం వాళ్ల పని చూడడానికి ఒక కొత్త ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. వాటన్నిటి లెక్కను సర్వర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. పని ముగిసినదాన్ని పట్టికలోంచి తొలగించే బాధ్యత కూడా మా ప్రోగ్రాందే. అది ఆ పని చేయడం లేదు. చచ్చినవన్నీ పట్టికలో అలాగే మిగిలిపోయి, చోటు నిండిపోయి, ఇక కొత్తది పుట్టించలేనని సిస్టం చెబుతోంది. ఆ జవాబును మా ప్రోగ్రాం కనీసం చూడదు. దాన్ని మొదట రాసింది యజమానే.

సుజాతక్క లేచి నిలబడింది. "నీ ఫోన్ మంచిగనే ఉందమ్మా. తప్పు మన సర్వర్‌దే. జర కూర్చో."

యజమాని బల్ల గుద్దాడు. "బయటోళ్ల ముందు గిట్ల మాట్లాడుతవా?"

"ఆ పిల్ల ముందు మీరు అబద్ధం ఎట్ల ఆడుతున్రు సార్?"

ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. ప్రోగ్రాం దిద్ది, సర్వర్‌ను మళ్లీ లేపింది. ఆ అమ్మాయి మా గోడవారనే కూర్చుని పరీక్ష రాసి వెళ్లింది.

మరునాడు సుజాతక్క కుర్చీ ఖాళీగా ఉంది. "దానికి నోరెక్కువైంది, తీసేసిన" అన్నాడు యజమాని. కాసేపటికి, సర్వర్ బాగుచేసింది తానేనని ఫోన్లో ఎవరికో చెప్పుకుంటున్నాడు. "ఆమెకు నోరెక్కువ కాదు సార్, మీకు సిగ్గు తక్కువ" అని నేనూ మెట్లు దిగాను.

ఆమె ఇప్పుడు వేరే కంపెనీలో ఉంది. నేను ఎప్పుడు ఫోన్ చేసినా, ఎట్లున్నవ్ అని అడగడానికి ముందే ఏం పాడైందని అడుగుతుంది. నా కింద కూడా కొందరు పనిచేస్తున్నారు. ఏదీ చూడకుండానే వాడేవాళ్ల నెట్ బాగాలేదని వాళ్లలో ఎవరైనా అంటే నా గొంతు లేస్తుంది. వెనకాల నన్ను కోపిష్టిదని అనుకుంటారు. అనుకోనీ. మా తప్పు మాదని మేం చెప్పేదాకా, ఎక్కడో ఒకరు తమ తప్పేనేమోనని కుమిలిపోతూనే ఉంటారు. అందుకే ఈ కోపం నాకు కావాలి.