ఎలుగుబంటి గారూ, మీరు లెగకండి

మా నాన్నకి అక్క అయిన మా అత్తయ్యకి జీవితంలో ఒకటే కోరిక: జలపాతం చూడాలి. పుట్టిందీ మెట్టిందీ కోనసీమలోనే. కాలవలు చూసింది, గోదారి చూసింది, అంతర్వేది వెళ్ళి సముద్రం చూసింది. "అవన్నీ పడుకున్న నీళ్ళేనే. దూకే నీళ్ళు ఒక్కసారి చూడాలి," అనేది నాతో. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా అడుగుతూనే ఉంది. మావయ్యగారు ఏటా "చూద్దాంలే" అంటూనే ఉన్నారు.

తొంభైల చివర్లో నేను అమలాపురంలో డిగ్రీ చదువుతూ ముక్తేశ్వరం పక్కన వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఆ ఏడు డాక్టరుగారు అత్తయ్య మోకాళ్ళు నొక్కి చూసి, బాగా అరిగిపోయాయనీ, ఇంకొన్నాళ్ళు పోతే మెట్లెక్కడం కూడా కష్టమేననీ చెప్పారు. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే అత్తయ్య మొగుడి ముందు నిలబడింది.

"ఏవండీ, ఈ మోకాళ్ళు పనిచేస్తుండగానే జలపాతం చూపించండి. తరవాత చూపించినా నేను రాలేను."

దాంతో మావయ్యగారు కదిలారు. అంటే, వీధి అరుగు మీదకి కదిలారు. ఆయనకి ఏ పనైనా చెయ్యడంకంటే దాని గురించి సభ పెట్టడం ఇష్టం. సభలో రెండో మనిషి పక్కింటి కొబ్బరికాయల వ్యాపారిగారు. ఆయన ఓ నల్ల కబురు మోసుకొచ్చారు.

"రంపచోడవరం దాటేక కొండల్లో ఓ జలపాతం ఉందండి. రోడ్డుమీంచి అరగంట నడక. కాకపోతే దారిలో ఎలుగుబంట్లుంటాయండి."

"ఆయ్," అన్నారు మావయ్యగారు, నీరసంగా. పెద్దమనుషులతో మర్యాదగా "అవునండి" అనడానికి మా వైపు మాట అది.

ఆ క్షణం నుంచి మా ఇంట్లో జలపాతం మాట మళ్ళీ వినబడలేదు. ఎక్కడ చూసినా ఎలుగుబంటే. వ్యాపారిగారు ఈ విషయంలో పండితులు. సర్కస్‌లో సైకిలు తొక్కే ఎలుగుబంటిని ముందు వరసలో కూర్చుని చూశారు. చెట్టెక్కినా లాభం లేదు, అదీ ఎక్కుతుందన్నారు. పరిగెట్టినా లాభం లేదు, అదీ పరిగెడుతుందన్నారు. "సైకిలెక్కినా లాభం లేదాండీ?" అన్నాను. మావయ్యగారు నావైపు గుడ్లురిమి చూశారు. అరగంట నడకకి నెల్లాళ్ళ చర్చేమిటని నాకు ఒళ్ళు మండేది.

అడవిలో చప్పుడు చేస్తూ నడిస్తే ఎలుగుబంటి తనంతట తనే తప్పుకుంటుందని ఎవరో చెప్పారు. ఏ చప్పుడు చెయ్యాలన్నది మరో వారం నడిచింది. మావయ్యగారు తాటాకులు ఆడిద్దామన్నారు.

"తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళే బెదరవండీ మావయ్యగారూ," అన్నాను.

అప్పుడు వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. "ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలో నిలబడి పిలవమాండీ? అది దానిల్లు. మర్యాదగా పిలుచుకుంటూ వెళ్తే సరిపోద్ది."

ఇంతకంటే మంచి ఉపాయం సభలో ఎవరికీ తోచలేదు.

తరవాత తిండి సమస్య. అత్తయ్య పనసతొనలు కడతానంది. ఎలుగుబంటి పనసపండంటే పడి చస్తుందని వ్యాపారిగారు కొట్టేశారు. తీపి వాసనకీ వస్తుందని బెల్లం మిఠాయి కొట్టేశారు. చివరికి పెరుగన్నం, ఆవకాయ మిగిలాయి. ఆవకాయకి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. మా అత్తయ్య ఆవకాయ తింటే ఎలుగుబంటి మాకంటే ముందు జలపాతానికి పరిగెడుతుంది.

కొండెక్కడం సాధన చెయ్యాలి కదా, మాకు కొండెక్కడిది? ఏటిగట్టే మా హిమాలయం. అత్తయ్య పొద్దున్నే మోకాళ్ళకి ఆముదం రాసుకుని గట్టెక్కేది, దిగేది, మళ్ళీ ఎక్కేది. ఊళ్ళో వాళ్ళు ఏదో మొక్కు తీర్చుకుంటోందనుకున్నారు. ఒకావిడ తన కోడలి కాన్పు కోసం కూడా నాలుగుసార్లు ఎక్కిపెట్టమని అడిగింది. అత్తయ్య కాదనలేక ఎక్కింది.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది. దీనికి మాత్రం సభలో క్షణం పట్టలేదు.

"రెండో పంట దాళ్వా కోతలయ్యేక, కాలవలకి నీళ్ళు కట్టేసేక వెళ్దాం. అప్పుడు చేలో పనుండదు," అన్నారు మావయ్యగారు.

"ఆయ్," అన్నారు వ్యాపారిగారు. నేనూ తలూపాను. మా వైపు ఏ ప్రయాణమైనా కాలవలు కట్టేసిన వేసవిలోనే, ఇందులో ఆలోచించడానికేముంది?

అలా మండుటెండల్లో వ్యాను మాట్లాడుకుని నలుగురం బయల్దేరాం. జొన్నాడ దగ్గర హైవే ఎక్కేసరికే, అడవి ఇంకా ఎంతో దూరముండగానే, మావయ్యగారు కిటికీ అద్దం పైకి లాగేసుకున్నారు. కొండ కింద ఊళ్ళో ఒకాయన దారి చూపడానికి ఒప్పుకున్నాడు. ఆయన వెనక అత్తయ్య, ఆవిడ వెనక నేను, చివర వ్యాపారిగారు. మావయ్యగారు మాత్రం ముందున్నదీ వెనకున్నదీ ఎవరో లెక్కచూసుకుని సరిగ్గా మధ్యలో దూరారు.

అత్తయ్య దారి పొడుగునా పిలుస్తూనే ఉంది. "ఏవండోయ్, ఎలుగుబంటి గారూ! ఉన్నారాండీ? మేం ఇలా వెళ్ళిపోతామండీ. మీరు లెగకండి, మీరు లెగకండి!"

ఎలుగుబంటి గారు లేవలేదు. చివరి మలుపు తిరిగి అందరం ఆగిపోయాం. ఎదురుగా తాటిచెట్టంత ఎత్తు నల్లటి బండ. దాని మీంచి కుండకి చిల్లుపడితే కారేటంత ధార, ఒకే ఒక్క ధార.

మావయ్యగారు బండని పైనుంచి కింది దాకా చూసి దారి చూపినాయన్ని అడిగారు.

"దీనికి నీళ్ళెప్పుడు వదుల్తారండీ?"

ఆయన ముఖం చూసి మావయ్యగారు మరికాస్త వివరంగా అడిగారు. "అదేనండి, పైన లాకులెవరి చేతిలో ఉంటాయని."

"వానలు పడితే వస్తాయండి," అన్నాడాయన.

"అంటే మాకులాగే జూన్‌లో వదుల్తారన్నమాట," అన్నారు వ్యాపారిగారు.

నెల్లాళ్ళు ఎలుగుబంటి గురించి మాట్లాడినవాళ్ళం నీళ్ళ గురించి ఒక్క మాట అనుకోలేదు. కాలవలు కట్టేసిన రోజుల్లో కొండ మాత్రం నీళ్ళెక్కణ్ణించి తెస్తుంది? నవ్వొచ్చింది కానీ, అత్తయ్యని చూసి ఆపుకున్నాను. ఆవిడ ఆ ధార కింద దోసిలి పట్టింది. నిండటానికి చాలాసేపు పట్టింది. ఆ నీళ్ళతో ముఖం తుడుచుకుని, పెళ్ళివారు పెట్టిన మాడు ఉప్మాని మెచ్చుకున్నట్టు "బాగుందండీ" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

దిగేటప్పుడు ఆవిడ మోకాలు పట్టేసింది. మావయ్యగారి భుజం పట్టుకుని కుంటుకుంటూ దిగింది. తరవాత చాలా రోజులు మంచం దిగలేదు. జలపాతం ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ అడగడం మానేశాక ఇల్లు నాకు అసలు నచ్చలేదు.

వానలు పడ్డాయి, కాలవలు వదిలారు, ఊడ్పులు మొదలయ్యాయి. ఊడ్పులంటే మా వైపు రైతు గడప దాటి చుట్టాలింటికి కూడా వెళ్ళడు. నారు తీసి కట్టలు గట్టుమీద పెట్టి, కూలీలు చేలో దిగేవేళ, మావయ్యగారు చొక్కా తొడుక్కుని "ఏవే, చీర మార్చుకో. బస్సొచ్చేస్తోంది," అన్నారు. సభ లేదు, చర్చ లేదు. చేలో పని చూసిపెట్టమని వ్యాపారిగారికి ఒప్పజెప్పారు.

"ఊడ్పుల్లోనాండీ?" అని ఆయన నోరు తెరిచారు.

"ఆయ్," అనేసి గొడుగందుకున్నారు.

ముగ్గురం బస్సులు మారి, జీపెక్కి, మళ్ళీ అదే కొండ కిందికి చేరాం. ఈసారి మావయ్యగారు అందరికంటే ముందు నడిచారు. ఒక చెయ్యి అత్తయ్యకిచ్చి, వణుకుతున్న గొంతుతోనే "ఏవండోయ్, ఎలుగుబంటి గారూ, మేవేనండీ, వేసవిలో వచ్చినవాళ్ళం!" అని అరుస్తూ వెళ్ళారు. అడుగడుగునా ఆగి ఆవిడ మోకాలు చూసుకున్నాం.

మలుపు తిరగకముందే హోరు వినబడింది. తిరిగాక బండ కనబడలేదు, అంతా నీళ్ళే. తుంపర మా ముఖాల మీద పడింది. అత్తయ్య ఓ రాయి మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మావయ్యగారు కంగారుగా వంగారు. "మోకాలా?"

"కాదండీ," అంది అత్తయ్య ముక్కు చీదుకుంటూ. "ఊడ్పులొదిలేసి వచ్చేరండీ మీరు."

ఊళ్ళో పెద్దమనుషులకి తప్ప ఇంట్లో ఎవరికీ మావయ్యగారు ఆ మర్యాద జవాబు చెప్పగా నేనెన్నడూ వినలేదు. తువ్వాలు తీసి ఆవిడ చేతికిస్తూ "ఆయ్" అన్నారు.