పాయింట్ తర్వాత నలభై లేదు

పుష్పలతకు కోపం వస్తే ఆపడం కోటగిరిలో ఎవరి తరమూ కాదు. అలాంటి మనిషి ఆ రోజు నిజామాబాద్ సర్వే ఆఫీసులో కోపాన్ని దిగమింగుకొని నిలబడింది. ఎండలో అరవై నాలుగు గడపలెక్కి, పాసుబుక్కులు తీయించి చూసి నింపుకొచ్చిన ఫారాలవి. అన్నిటినీ సర్వే ఆఫీసర్ మహేష్ సార్ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు.

ఇంటికి ఎంత భూమి ఉంటే ఆడపిల్ల ఎన్నేళ్లు చదువుతోంది అన్నది ఆ సర్వే. కంప్యూటర్లో అడ్డంగా భూమి, నిలువుగా చదువు, ఇంటికొక చుక్క, చుక్కల నడుమ ఒక గీత. మిగతా మండలాల చుక్కలు గీతకు అటూ ఇటూ ఉన్నాయి. కోటగిరివన్నీ పైనే ఉన్నాయి.

"గింత భూమికి గంత సదువా? ఇంట్ల కూసొని రాసినవ్."

"ఆ గీతేంది సార్?"

"లీనియర్ రిగ్రెషన్. నీకు సమజ్ గాదు తియ్. వచ్చే శుక్రవారం నీ ఫారాలు తీసేసి రిపోర్టు పంపుత."

సమజ్ గాదట! ఎమ్మే సోషియాలజీ చదివిన మనిషిని పట్టుకొని అనే మాటేనా అది? పుష్పలత కొట్టేసిన ఫారాల కట్ట చంకలో పెట్టుకొని, గ్రాఫు కాగితాలు కొనుక్కొని బస్సెక్కింది.

ఫోన్లో పాఠాలు విన్నది. అర్థం కాని చోట తిట్టింది, మళ్లీ విన్నది. తమ చేనులో ఇరవై చెరకు గడలు నరికించి, పొడవు కొలిచి, తూకం వేసి చుక్కలు పెట్టింది. పొడవును బట్టి బరువు అంచనా కట్టే గీత కావాలి. ఒక్కో చుక్క గీతకు పైకో కిందికో ఎంత దూరముందో చూసి, ఆ దూరాన్ని దానితోనే గుణించి, అన్నీ కూడాలి. ఏ గీతకు ఆ మొత్తం అన్నిటికన్నా తక్కువొస్తే అదే అసలు గీత.

"దీని ఇల్లు బంగారంగాను, ఇంతేనా!" అంది.

గీత అబద్ధమాడదు. తన ఫారాలూ ఆడవు. మరి తప్పెక్కడ? పోల్చి చూద్దామని తమ భూమిని కూడా కాగితం మీద పెట్టింది, 1.38 అని. పక్కనే చెరకు నములుతున్న భర్త నర్సన్న తొంగిచూశాడు.

"ఏందే, మన భూమి ఎకరన్నర గూడ లేదా?"

"పాసుబుక్కుల ఒకటి పాయింట్ ముప్పై ఎనిమిదే ఉన్నది గద."

"పాయింటేంది నీ తలకాయ! ఎకరం ముప్పై ఎనిమిది గుంటలు. ఇంక రెండు గుంటలైతే రెండెకరాలు."

పుష్పలత గబగబా ఫారాలన్నీ తిరగేసింది. ఎకరానికి నలభై గుంటలని ఈ ఊళ్లో తెలియనిదెవరికి? మిగతా మండలాల్లో సర్వే చేసినవాళ్లు నోటిమాటగా ఎకరం, అర ఎకరం అని రాసుకొచ్చారు. తను పాసుబుక్కులో ఉన్నదున్నట్టు రాస్తే, కంప్యూటర్ ఎకరాన్ని వంద ముక్కలనుకుంది. సరిగ్గా రాసినందుకు దొంగైంది! తన మీద తనకు కోపమొచ్చింది, ఆ ఎర్ర పెన్ను మీద అంతకు పదింతలొచ్చింది.

శుక్రవారం పొద్దున్నే ఫారాల కట్ట మహేష్ సార్ బల్ల మీద దబ్బున పడింది.

"పాయింట్ తర్వాత నలభై ఉన్నది ఒక్కటన్న సూపెట్టుండ్రి సార్."

ఆయన వెతికాడు. ఎక్కడా ముప్పై తొమ్మిది దాటలేదు. గుంటల్ని నలభైతో భాగించి మళ్లీ ఎక్కిస్తే చుక్కలు కుడికి జరిగి గీత చుట్టూ చేరాయి. ఒక్కటి మాత్రం పైనే ఉండిపోయింది. రాధాబాయి ఇల్లు అది. భూమి పది గుంటలు, బిడ్డ డిగ్రీ పూర్తి చేసింది.

"ఇదొక్కటన్న తీసేద్దామమ్మా. గీతకు మస్తు దూరమున్నది."

"ఎందుకు తీస్తరు? ఆమె చెరకు కొట్టి సదివిచ్చింది సార్. ఆ పిల్ల సదివింది."

పుష్పలత ఎర్ర పెన్ను మహేష్ సార్ చేతిలో పెట్టి, రాధాబాయి ఫారాన్ని కట్ట మీద అన్నిటికన్నా పైన పెట్టింది. కుర్చీ లాక్కొని ఎదురుగా కూర్చుంది.

"కొట్టేసినకాడ 'సరైనదే' అని రాసి సంతకం పెట్టుండ్రి. అరవై నాలుగు పెట్టాలె. నేను అరవై నాలుగు గడపలెక్కిన."