కింద పెట్టకూడని బోనం

ఆ రోజుల్లో ఆడవాళ్ళం ఊరికే విశ్రాంతి కోసం బయటికి వెళ్తున్నామంటే ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు. అదే అమ్మవారి మొక్కు అంటే బస్సు ఛార్జీలిచ్చి మరీ పంపేవారు. అప్పట్లో మచ్చ బొల్లారంలో మా వరుస ఇళ్ళలో నేనూ, గోడ అవతలి కాకినాడ వదినా, ఎదురింట్లో బట్టలు కుట్టే, మేం ఆపా అని పిలుచుకునే ముస్లిం అక్కా ఎప్పుడూ కలిసే తిరిగేవాళ్ళం. ఇంతలో వదిన వాళ్ళాయనకు బదిలీ అయింది. ఆదివారం సామాను లారీ వస్తుంది. ఈలోగా ఒక్కరోజైనా ముగ్గురం కలిసి గడపాలని మా ఆరాటం. మూటలు కట్టి కట్టి అలిసిపోయిన వదినకు శామీర్‌పేట చెరువు పక్కన ఏ చెట్టు కిందనో పడుకోవాలని ఉంది. నాకేమో చెరువు దాటాక అడవిలో ఉన్న పోచమ్మ గుడి చూపించకుండా ఆమెను సాగనంపడం ఇష్టం లేదు (ఆ గుడిని నేనూ అప్పటిదాకా చూడలేదు, అది వేరే సంగతి). ఎండ వేళ చెట్టు కింద పడుకుని, చల్లబడ్డాక గుడికి వెళ్దామని ఒప్పందం చేసుకున్నాం.

నేను చేసిన పొరపాటల్లా మా అత్తతో మొక్కు అని చెప్పడమే. తెల్లారేసరికి కొత్త కుండకు పసుపు రాసి, వేపకొమ్మలు కట్టి, నిండా పెరుగన్నంతో బోనం సిద్ధం చేసి పెట్టింది. "ఉత్త చేతులతోని పోచమ్మ కాడికి పోతరా బిడ్డా? ఇగ ఇను. గుడి కాడ దించేదాక బోనం భూమి మీద పెట్టద్దు. నెత్తి నొస్తే చేతులల్ల పట్టుకో, ఒళ్ళె పెట్టుకో. అమ్మకు పెట్టేదాక మీరెవ్వలు మెతుకు ముట్టద్దు" అంది. లేని మొక్కుకు ఉన్న బోనం తగులుకుంది.

చెరువు దగ్గర బస్సు దిగాం. వదిన చెట్టు కింద పాత చీర పరిచి, "దాన్నలా పక్కన పెట్టేసి రా మరదలా" అంది.

"కింద పెట్టద్దు వదినా."

"పోనీ ఆ రాయి మీద?"

"రాయి మాత్రం యాడుంది? భూమి మీదనే గద."

"కొమ్మకు వేలాడదీద్దామా?"

"కోతులున్నయి" అంది ఆపా, పైకి చూస్తూ.

ఇక వంతులేసుకున్నాం. మొదట నేను కుండను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, చెరువు చూడ్డానికొచ్చిన ఒకాయన ఆగి, "పెరుగన్నం ఎంతకిస్తున్నవక్కా?" అని అడిగాడు. ఆకలి మీద ఉన్నాను, ఆయన్ని నమిలేసేదాన్నే. తర్వాత వదిన వంతు. పట్టుకున్న కాసేపటికే ఆమె తల వాలింది, కుండ వంగింది. ఆపా గబుక్కున అందుకుంది. "ఇటియ్యి. నాకు మీ పోచమ్మతోని లడాయేం లేదు. మీరు జర పండుకోండ్రి, నేను లేపుత."

మెలకువ వచ్చేసరికి పొద్దు అవతలి గట్టు మీదికి జారింది. ఆపా అలాగే కూర్చుని ఉంది. రెండు చేతులూ కుండ చుట్టూ, గడ్డం కుండ అంచు మీద.

"లేపుతనంటివి గద ఆపా."

"ఎట్ల లేపుదు? ఇల్లంత మూటలు కట్టుకుంట మస్తు పరేషాన్ అయిందామె. మల్ల గీ చెట్టు కిందికి ఎప్పుడొస్తదో ఏమో, పండుకోనీ అనుకున్న. నువ్వైతే గురక పెట్టి కొంగలను లేపినవ్."

వదిన చీర మడతపెడుతూ మొహం అటు తిప్పుకుంది.

చీకటి పడేలోగా గుడి చేరాలని సీతాఫలం పొదల మధ్య ఎర్రమట్టి బాటలో పరుగులాంటి నడక నడిచాం. తీరా చూస్తే గుడి మా కోళ్ళగూడంత ఉంది. లోపల కళ్ళు పెట్టిన రాయి.

"ఇదేనా నువ్వు ఊదరగొట్టిన గుడి?" అంది వదిన.

"అమ్మవారు పెద్దదే వదినా. గుడే చిన్నది."

బోనం దించాను. కళ్ళు మూసుకున్నాక మాత్రం నిజంగానే మొక్కు పుట్టుకొచ్చింది. ఆ బదిలీ ఆపు తల్లీ, ఆదివారం లారీ రాకుండా చెయ్యి అని గట్టిగా వేడుకున్నాను. ప్రసాదం తినబోతే ఆపా చేతులు పట్టేసి మోచేయి వంగలేదు. వదిన ముద్దలు కలిపి ఆమె నోట్లో పెట్టసాగింది. పెడుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "నమక్ తక్కువైంది" అంది ఆపా, నోటినిండా అన్నంతో. ఇంకో ముద్దకు మళ్ళీ నోరు తెరిచింది.

ఆదివారం లారీ వచ్చింది, చెప్పిన వేళకంటే ముందే. నేను పోచమ్మ మీద అలిగాను. ఆ ఏడు బోనాల పండక్కి అందరూ దండం పెడుతుంటే మొహం మాడ్చుకుని నిలబడ్డాను, నా మాట విననిదానికి నేనెందుకు మొక్కాలని. ఆ అలక తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, ఆవిడ ఇవ్వగలిగింది ఆ మధ్యాహ్నమే, ఆ చెట్టు కిందే ఇచ్చేసింది. అప్పుడు నేను గురకపెడుతున్నాను.