పడకల లెక్క

ఆఫీసులో అందరూ ఆయనను సిమెంటాయన అనేవారు. ఆయనకు కోపం ఉండేది కాదు. షేర్ల కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా సిమెంటు కంపెనీలకు మాత్రమే విలువ కట్టిన మనిషికి అంతకంటే సరైన పేరేముంది?

ఆయన కొలత ఒకటే. ఫ్యాక్టరీ ఏడాదికి ఎన్ని టన్నులు చేయగలదో చూసి, కంపెనీ మొత్తం ధరను ఆ టన్నులతో భాగించేవాడు. అలాంటి ఫ్యాక్టరీ కొత్తగా కట్టే ఖర్చుకంటే తక్కువ వస్తే ఆ షేర్లు కొనమని రాసేవాడు. పక్క బల్ల దగ్గర బ్యాంకులు చూసే ఆవిడ ఆస్తుల్లోంచి అప్పులు తీసేసి మిగిలినదాన్ని తూచేది. సాఫ్ట్‌వేర్ చూసే అతను రాబోయే పదేళ్ళ లాభాలను ఊహించేవాడు. "జాతకాలు" అని సిమెంటాయన నవ్వుకునేవాడు.

ఈ ఏడు సిమెంటును ఇంకొకరికిచ్చి ఆయనకు ఆసుపత్రులు అప్పగించారు. మొదటి రిపోర్టు నెగ్గకపోతే, ఇతరుల రిపోర్టుల్లో అచ్చుతప్పులు దిద్దే గదిలోకి మారాలని మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు.

ఆయన జంకలేదు. టన్నుల చోట పడకలు పెట్టాడు. ఒక కంటి ఆసుపత్రుల కంపెనీని పడకలతో భాగించగానే కళ్ళు తిరిగాయి. ఒక్కో పడక ధర, మామూలు ఆసుపత్రి పడక ధరకు తొమ్మిది రెట్లు! వెంటనే అమ్మేయమని ముప్పై పేజీలు రాసి, ఒక ప్రతి మేనేజరు బల్లమీద పెట్టి, ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం మరదలు వచ్చింది. ఆమె ఒక కంటి ఆసుపత్రిలో నర్సు. రిపోర్టు తిరగేస్తూ ఆగింది.

"బావా, ఈ పడకల మీద ఎవర్ని పడుకోబెడతావు?"

"రోగుల్ని. ఇంకెవర్ని?"

"మా దగ్గర పొద్దున వస్తారు, పావుగంటలో శుక్లం తీయించుకుంటారు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికెళ్ళిపోతారు. పడుకునే తీరికెవరికుంది?"

"మరి పడకలు?"

"పన్నెండున్నాయి. రెండింటి మీద దుప్పట్లు పెడతాం. ఒకదాని మీద మత్తు డాక్టరుగారు మధ్యాహ్నం కునుకు తీస్తారు. ఆయన్నీ లెక్కలో వేశావా?"

వంటింట్లోంచి భార్య అందుకుంది. "నవ్వకే. మొన్న అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళి, గోడలకు ఎన్ని బస్తాలు పట్టాయని అడిగొచ్చారు మీ బావ."

ఆయన నవ్వలేదు. "ఒక్కో టేబుల్ మీద రోజుకు ఎన్ని ఆపరేషన్లు?"

"పాతిక. డాక్టరు హుషారుగా ఉంటే ముప్పై."

భోజనం చల్లారేలోపు ఆయనకు సంగతి తెలిసిపోయింది. మనుషులు రోజుల తరబడి ఉండే చోట పడకే సరుకు. ఇక్కడ సరుకు ఆపరేషన్. కంపెనీ ధర, ఆపరేషన్ల మీద వచ్చే ఏడాది సంపాదనకు ఎన్ని రెట్లో చూశాడు. ఖరీదూ కాదు, చవకా కాదు.

మర్నాడు మీటింగులో లేచి నిలబడ్డాడు. "నా రిపోర్టు తప్పండీ. కొలబద్దే తప్పు."

పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు.

"అయితే కొనమంటారా?" అన్నాడు మేనేజరు.

"వద్దండీ. ధర సరిగ్గానే ఉంది."

"అమ్మమనరు, కొనమనరు. కొండను తవ్వి ఎలుకను పట్టారన్నమాట."

"అవునండీ. నిన్నటిదాంట్లో ఎలుక కూడా లేదు."

మేనేజరు రిపోర్టును ఆయన వైపు తోశాడు. "తిరగరాసుకు రండి. ఆసుపత్రులు మీ దగ్గరే ఉంటాయి. వచ్చే నెల నుంచి విమానాలు కూడా చూడండి."

ఆయన మెట్ల దగ్గరికి వచ్చి ఇంటికి ఫోను చేశాడు. "మన చుట్టాల్లో విమానాల్లో పనిచేసేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా పిన్ని కూతురుందిగా. ఏం?"

"ఆదివారం భోజనానికి పిలువు. నేనింకా ఏమీ రాయలేదు."