బుల్లబ్బాయి ఆగని చోటు

రాజమండ్రిలో గోదారి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో మా మేళంలో ముగ్గురం. సన్నాయి గవర్రాజు, డోలు బుల్లబ్బాయి, శ్రుతి పట్టేవాణ్ణి నేను. శ్రుతి అంటే ఒకే స్వరాన్ని ఆపకుండా ఊదుతూ కూర్చోవడం. మా వైపు ఎవరూ చూడరు. కానీ మేళంలో జరిగేదంతా మాకే తెలుస్తుంది, ఎవరేమనుకున్నా సరే.

బుల్లబ్బాయికి ఓపిక అన్నది పుట్టుకతోనే లేదు. గవర్రాజు సన్నాయి మీద ఒక పలుకు, అంటే ఒక స్వరాల వరస, ముగించి ఊపిరి తీసుకున్నాక డోలు జవాబు చెప్పాలి. అది పద్ధతి. వీడు పలుకు చివర ఇంకా గాలిలో ఉండగానే దెబ్బ వేసేసేవాడు. పట్టిసీమ శివరాత్రి ఉత్సవంలో స్వామి ఎదుటే గవర్రాజు మండిపడ్డాడు.

"నా మాట పూర్తవ్వనివ్వవేంట్రా?"

"నీ మాట పూర్తయ్యేసరికి జనం పడవలెక్కి పోతారు బావా!"

పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో జీవితమంతా ఇదే తగువు. చూసేవాళ్ళకి నవ్వులాట, మాకు తలనొప్పి.

ఆ వేసవిలో మాయదారి వాంతిభేదులు వచ్చి బుల్లబ్బాయిని తీసుకుపోయాయి. సన్నాయి మంగళవాద్యం, చావింటి ముందు పలకకూడదు. అంతమందికి పెళ్ళిళ్ళు చేయించినవాడు చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు. గవర్రాజుకి అది మింగుడు పడలేదు. ఏడుపు రాగం ముఖారిలో ఒక ముక్క కట్టాడు. పాట లేదు, సాహిత్యం లేదు, ఉత్త సన్నాయి. ప్రతి పలుకు తర్వాత బుల్లబ్బాయి జవాబుకి సరిపడా ఖాళీ వదిలాడు. విన్నవాడి గుండె కరగాల్సిందే. అబద్ధమెందుకు, నాదీ కరిగింది.

కానీ గవర్రాజుకి కావలసింది ఊరి మెప్పు కాదు. బుల్లబ్బాయి భార్య అచ్చాయమ్మ విని, "ఇది మా ఆయనే" అనాలి. భర్త పోయిన ఆవిడేమో మేళం ముందుకి రాకూడదు, మేళం ఆ మైలింటికి పోకూడదు.

"సాధకానికి మైల ఏంటి?" అన్నాడు గవర్రాజు. మా వాళ్ళు తెల్లవారుజామున కాలవగట్టున సాధకం చేసుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని ఎవరూ మేళం కింద లెక్కపెట్టరు. అచ్చాయమ్మ పెరడు సరిగ్గా కాలవగట్టుకే ఆనుకుని ఉంది.

మర్నాడు తెల్లవారుజామున గట్టు మీద కూర్చుని ముక్క మొదలెట్టాడో లేదో, మునసబు పల్లంరాజు గారు గట్టెక్కి వచ్చారు. "మంగళవాద్యం పట్టుకుని ఇక్కడేంటయ్యా ఈ ఏడుపు? మా అమ్మాయి పెళ్ళికి ఇదే సన్నాయి తెస్తావా?"

"సాధకం చేసుకుంటున్నానండి. తమకి పట్టింపైతే వేరే మేళం చెప్పుకోండి. కాకపోతే తాళి కట్టేవేళ తమరి చెవులు నా కోసమే వెతుక్కుంటాయండి."

మునసబు గారు కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. పెళ్ళికి మళ్ళీ మమ్మల్నే పిలిచారు లెండి, పిలవక ఏం చేస్తారు!

ఆయన గట్టు దిగగానే గవర్రాజు ముక్క మొత్తం వాయించాడు. ఒక్క తప్పు లేదు. పెరటి గోడ అవతల నుంచి అచ్చాయమ్మ గొంతు వినిపించింది.

"బాగుందండి అన్నయ్యగారూ. కానీ ఎవరి కోసమండి అది?"

గవర్రాజు సన్నాయి దించాడు. "మనవాడి కోసమేనమ్మా."

"అంతంత ఖాళీలు వదిలారేంటండి మరి? ఆయన అంతసేపు ఆగే మనిషేనా? అన్నం ఉడక్కముందే ఆకేసుకుని కూర్చునేవారు. మీ మాట ఏనాడైనా పూర్తవ్వనిచ్చారా?"

నాకు నవ్వొచ్చింది. గవర్రాజుకి రాలేదు. బతికుండగా బుల్లబ్బాయిని ఆగమని పోరిన చోటే, పోయాక వాడి కోసం మర్యాదగా ఖాళీ వదిలిపెట్టాడు. వాడు ఏనాడూ ఆగని చోటది.

మర్నాడు ఖాళీలన్నీ తీసేశాడు. పలుకు పైకి లేచింది, ఇంకాస్తలో ముగుస్తుందనగా పెదవి తీసేశాడు. ఎవరో అడ్డొచ్చినట్టు తెగింది. వెంటనే తర్వాతి పలుకు అందుకున్నాడు, అదీ అలాగే తెగింది. ముఖారిలో అంత తొందర నేనెప్పుడూ వినలేదు.

గోడ అవతల అచ్చాయమ్మ ఫక్కున నవ్వింది.

"వచ్చారండి! వచ్చేశారు!" అంది, ఆ వెంటనే గొల్లుమంది.

గవర్రాజు కళ్ళు ధారలు కడుతున్నాయి, వాయిస్తూనే ఉన్నాడు. నేనూ శ్రుతి ఆపలేదు. ఆపితే నాకూ ఏడుపొస్తుందని భయం.