మెట్ల కింది తలుపు

ఎర్రయ్య నేలమీద బోర్లా పడుకుని, గోడవారన కరెంటు తీగలు పైకొచ్చే కంతలోంచి పీచు లాగుతున్నాడు. చేతిలో ఉన్నది పాత దింపు కత్తి. ఒకప్పుడు కొబ్బరి గెలలు కోసిన కత్తి అది. దాని వంకీ కొనని కంతలో తిప్పితే పీచు నల్లటి ముద్దలుగా పైకొస్తోంది. ఆ పీచు కుక్కినవాడూ అతనే. ఈ మేడగదిలో కాపురం పెట్టిన కొత్తలో కింద పీచు మిల్లులోంచి ఎలుకలు ఎక్కి వస్తుంటే, అల్లవరం చుట్టుపక్కల ఎవరైనా చేసేదే తానూ చేశాడు. ఇక్కడ కిటికీ సందుకైనా పెంకుల సందుకైనా ఒకటే వైద్యం: కొబ్బరి పీచు బిగించి కుక్కడం, పైన సున్నం పూయడం. అలా పూసిన కంతలు గది చుట్టూ చాలానే ఉన్నాయి.

కిందటి నెల మిల్లులో మోటారు తీగ కాలి పీచు కుప్ప అంటుకుంది. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు కొట్టి ఆర్పేశారు. కింద పెద్దగా ఏమీ పోలేదు. కానీ పైకప్పు కంతల్లోని పీచు అగరొత్తిలా లోలోపల రాజుకుంటూ పైకి పాకింది. మిల్లువాళ్లు కాళ్లు కడుక్కుంటున్న సమయంలో ఎర్రయ్య గది పొగతో నిండిపోయింది. చేతులమీద పాక్కుంటూ కిటికీ దగ్గరకి వెళ్లి, ఊచలకి మొహం ఆనించి అరిచాడు. మెట్లదారిలోనూ పొగే. వాళ్లొచ్చి మోసుకెళ్లేసరికి అతనికి స్పృహ సగమే ఉంది.

చెట్టుమీంచి పడ్డాక అతని కాళ్లలో చలనం పోయింది. ఏ తోటలో దింపు తీస్తూ పడ్డాడో ఆ తోట యజమాని వీరవెంకటరమణే మిల్లు మీద గది ఇచ్చి, భార్య విజయకి మిల్లులో పని ఇచ్చాడు. కిందకి దిగి ఉందామంటే వానాకాలం నేలంతా నీళ్లు, మిగతా కాలమంతా పీచు పొట్టు. వేరేచోట ఉందామంటే, విజయ మిల్లులో ఉన్నంతసేపూ అతన్ని చూసేవాళ్లు లేరు. గది ఒకటి, దిగే దారి ఒకటి, ఆ దారి మిల్లులోకే.

పొగ సంగతయ్యాక రమణ ఒకతన్ని పిలుచుకొచ్చాడు. పేరు శివప్రసాద్, సఖినేటిపల్లివాడు. ఖతార్‌లో పెద్ద పెద్ద మేడల్లో నిప్పు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోకుండా అడ్డాలు కట్టే పని చేసి వచ్చాడు. ఇద్దరూ ఎర్రయ్య మంచం పక్కన కూర్చున్నారు. విజయ గుమ్మంలో నిలబడింది.

"కింద నాలుగు ఎర్ర సిలిండర్లు తగిలించేద్దామయ్యా. సరిపోతుంది కదా?" అన్నాడు రమణ.

"అవీ ఉండాలండి. కానీ అవి కొట్టడానికి మనిషుండాలి. ఆదివారం మిల్లు మూసేస్తే ఎవరు కొడతారండి? గోడయితే ఆదివారమూ నిలబడుతుంది."

మెట్ల చుట్టూ గోడ కట్టి, కింద తలుపు పెట్టాలన్నాడు శివప్రసాద్. గోడ దేనితో కట్టాలన్నది మాట్లాడుకున్నారు. జిప్సం పలకలయితే త్వరగా అయిపోతుంది. నిప్పుకి బాగానే ఆగుతాయి కూడా. కానీ పీచు మోపులు రోజూ రాసుకుంటాయి, వానాకాలం చెమ్మ ఎక్కుతుంది. అందుకని ఇటుక ఖాయం చేశారు. తలుపు దగ్గరకి వచ్చేసరికి రమణకి తన ఇంట్లో ఊడదీసిన టేకు తలుపు గుర్తొచ్చింది.

"మా తాతగారి నాటిదయ్యా. ఇప్పుడు దొరుకుతుందా అలాంటి చెక్క?"

"దొరకదండి. అందుకే కాల్చుకోవడం ఎందుకని," అన్నాడు శివప్రసాద్. రమణ నవ్వేశాడు. నిప్పుకి ఆగేలా చేసిన ఇనుప తలుపే తెప్పించాలని తేలింది.

అప్పుడు శివప్రసాద్ ఎర్రయ్య వైపు తిరిగాడు. "ఇది నువ్వే చెప్పాలి బాబాయ్. రెండు రకాలున్నాయి. ఒకటి అయస్కాంతం పట్టుకుని తెరిచే ఉంచుతుంది, పొగొస్తే వదిలేస్తుంది. రెండోది ఎప్పుడూ మూసే ఉంటుంది. తోస్తే తెరుచుకుంటుంది, వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది."

ఎర్రయ్య మెట్లవైపు చూశాడు. ఆ మెట్లదారిలోంచే కదా అతనికి లోకం వినబడేది. మిల్లులో ఎవరి కోడలు ఎవరిని ఏమందో, ఏ తోటలో కాపు ఎలా ఉందో, అన్నీ మెట్లమీదుగా పైకొచ్చేవి. అతనూ పైనుంచే ఒక మాట విసిరేవాడు. కిందవాళ్లు నవ్వేవారు.

"పొగొచ్చిందని అయస్కాంతానికి ఎవరు చెబుతారు?"

"కప్పుకి ఒక డబ్బా బిగిస్తాం. అది పసిగడుతుంది."

"మన పొట్టుకి ఆగుద్దా అది?"

శివప్రసాద్ తల గోక్కున్నాడు. "పొట్టు పేరుకుంటే పనిచెయ్యదు బాబాయ్. రోజూ తుడవాలి."

మిల్లులో రోజూ తుడవడమంటే ఏమిటో ఎర్రయ్యకి తెలుసు. చెట్టెక్కే రోజుల్లో నడుముకి కట్టే మోకు తనే చూసుకునేవాడు. ఇంకొకళ్లు చూశామన్నా మళ్లీ చూసుకునేవాడు. పడిన రోజున తెగింది మోకు కాదు, విరిగింది మట్ట.

"మూసుండేదే పెట్టించండి," అన్నాడు.

"జైలు కట్టించుకుంటున్నావేంటయ్యా?" అంది విజయ.

"తాళం ఉండదే. తోస్తే తెరుచుకుంటది."

"తొయ్యడానికి నువ్వు దిగొస్తావా?"

శివప్రసాద్ నెమ్మదిగా అన్నాడు: "ఇది నిప్పుని చంపదు పిన్నీ. ఆలస్యం చేస్తుందంతే. ఆలోగా బాబాయిని కిటికీలోంచి దించుకోవాలి." అందుకని కిటికీ ఊచల చట్రం లోపల్నించి తెరుచుకునేలా మార్పించారు.

గోడ లేచింది. కంతల పని మాత్రం ఎర్రయ్య తనకే కావాలన్నాడు. "కుక్కినోణ్ణి నేను. నేనే తీస్తాను."

అలా పీచంతా తీశాక శివప్రసాద్ చూపించినట్టు నిప్పుకి కాలని రాతి ఉన్ని కూరడం మొదలుపెట్టాడు. వదులుగా ఉంటే వేలితో నొక్కి, తీసి, మళ్లీ కూరాడు. దానిమీద తుపాకీలాంటి గొట్టంతో ఎర్ర జిగురు పట్టించాడు. వేడి తగిలితే ఉబ్బి సందు మూసే జిగురది. గదిలోంచి కిందకి దిగే ప్లాస్టిక్ నీళ్ల గొట్టం కరిగిపోతే కంత మిగిలిపోతుందని, దాని చుట్టూ కిందనుంచి శివప్రసాద్ ఇనుప పట్టీ బిగించాడు. పైన ఒకరు, కింద నిచ్చెన మీద ఒకరు.

"వేలు తగులుతోంది బాబాయ్, ఇంకా పట్టించు."

"ఆయ్, నీ వేలు తీస్తేనే కదా పట్టించేది!"

చివరికి బుట్ట కంత మిగిలింది. గది మూలనున్న ఆ చదరపు కంతలోంచే విజయ మధ్యాహ్నం అన్నం గిన్నె బుట్టలో పెట్టి, తాడుకి కట్టి పంపేది. కాంక్రీటు ఆగడానికి కింద చెక్క బిగించేముందు ఆమె పైకి చూసింది. జుట్టునిండా పొట్టు.

"ఏమన్నా కావాలా?" అంది.

"ఏం వద్దు. పక్కకి తప్పుకో, సిమెంటు పడుద్ది."

కడ్డీలు కట్టి, కాంక్రీటు పోసి, బోర్లా పడుకునే ఉండి తాపీతో నున్నగా చేశాడు. గది ఎన్నడూ లేనంత నిశ్శబ్దమైపోయింది. తలుపు బిగించాక ఆ నిశ్శబ్దం ఇంకా చిక్కబడింది. మిల్లు నడుస్తున్నట్టు నేల అదురుని బట్టి తెలిసేదంతే. రెండు పూటలూ గోడకేసి చూస్తూ పడుకున్నాడు. విజయ అన్నం తెచ్చి పెడితే సగం తిన్నాడు.

మర్నాడు మాటలు వినిపించాయి. మిల్లులో పనిచేసే మాధురి ఎవరినో వేళాకోళం చేస్తోంది. పక్కున నవ్వులు. ఎర్రయ్య మొహం విప్పారింది. గుమ్మం దాకా పాకి, చెవి మెట్లవైపు పెట్టి కాసేపు హాయిగా విన్నాడు. ఒక మాట విసరబోయి ఆగిపోయాడు. వినబడుతోందంటే తలుపు తెరిచి ఉందన్నమాట.

"మాధురీ! తలుపుకి ఏం పెట్టేరే?"

"కొబ్బరికాయ మావా! నీకోసమే. నీకు మేం వినబడట్లేదని అత్త ఏడుస్తుంటేనూ!"

విజయ మెట్ల మొదట్లోకి వచ్చి నిలబడింది.

"పగలే కదయ్యా పెట్టింది. అందరం ఇక్కడే ఉన్నాం కదా," అంది.

"ఆ రోజూ పగలే, విజయా. అందరూ ఇక్కడే ఉన్నారు."

ఆమె వంగి కాయ తీసి చంకలో పెట్టుకుంది. ఇనుప తలుపు మెల్లగా వచ్చి చట్రంలో టక్కున పడింది.

కాంక్రీటు ఆరాక పరీక్ష పెట్టారు. పెరట్లో రమణ నిలబడ్డాడు. మిల్లులో శివప్రసాద్ ఇనుప తట్టలో తడి కొబ్బరి డొక్కలు రాజేసి, పైకప్పు కంతల కింద ఒక్కొక్కచోటే పట్టుకున్నాడు. పైన ఎర్రయ్య అరచెయ్యి తడుపుకుని ఒక్కో అతుకు మీద ఆనించాడు. గాలి కదిలితే తడి చెయ్యి చెబుతుంది. తీగల దగ్గర లేదు. గొట్టం దగ్గర లేదు. బుట్ట కంత ఉన్నచోట చెంప ఆనించి కూడా చూశాడు. చల్లగా ఉంది. తలుపు వేసిన మెట్లమీదుగా వాసన కూడా రాలేదు.

కిటికీ చట్రం తెరిచి తల బయటపెట్టాడు. "రాలేదండి! ఎక్కడా రాలేదు!"

"గట్టిగా చూసేవా?"

"ఆయ్. రెండుసార్లు చూసేనండి."

విజయ పెరట్లోకి వచ్చింది. చేతిలో పాత బుట్ట, కొత్త తాడు. తాడు చివర రాయి కట్టి కిటికీలోకి విసిరింది. ఎర్రయ్య ఒక్క చేత్తో అందుకుని చట్రానికి ముడివేశాడు. అది మోకు ముడి. జారదు. బుట్ట పైకి లాగి అందులో జిగురు తుపాకీ, తాపీ, మిగిలిన ఉన్ని సర్ది కిందకి దించాడు.

శివప్రసాద్ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాడు. తాపీ కడిగి, తుడిచి ఉంది.

"అన్నీ ముట్టేయి బాబాయ్," అని, రమణ వైపు తిరిగాడు. "పని అప్పగించేశామండి."